డబ్బింగ్‌లో చూసుకుందాం

ఆమె గట్టిగా మాట్లాడగా విన్నవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. కూరల బండి వెళ్ళిపోతుంటే మిగతా ఆడవాళ్ళు మేడల మీంచి కేకలేస్తారు. ఆమె మాత్రం చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకెళ్ళి, బండిని చేత్తో పట్టుకుని ఆపి, "టమాటాలెలా ఇస్తున్నావు?" అని అతని చెవి దగ్గర అడుగుతుంది. "నేనేం దొంగసరుకు అమ్మట్లేదమ్మా, పైకే అడగొచ్చు" అంటాడతను. మరిది ఆమెకు గుసగుసమ్మ అని పేరు పెట్టాడు. ముందు చుట్టాలు, ఆ తర్వాత ఇరుగుపొరుగు, చివరికి పాలవాడు కూడా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు. అనుకున్నా ఎవరికి వినపడుతుంది?

పుట్టుకతో వచ్చిన గొంతు కాదది. ఆమె తండ్రి ఒక మిల్లులో రాత్రి కాపలా కాసేవాడు. తెల్లవారాక వచ్చి పడుకుంటే మళ్ళీ పొద్దు వాలాకే లేచేవాడు. ఉన్నది ఒక్క గది. ఆయన మంచం చుట్టూనే పిల్లలు తిన్నారు, ఆడుకున్నారు, ఏడ్చారు. అన్నీ గుసగుసగానే. జుట్లు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నప్పుడు కూడా "వదలవే, వదలవే" అని ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకునేవాళ్ళు. తల్లి పనికి వెళ్తే చిన్నవాళ్ళను చూసుకోవడానికి ఎవరో ఒకరుండాలి గనక ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. కానీ చెవి ఆగలేదు. తమ్ముళ్ళు పాఠం బట్టీపడుతుంటే పక్కన గిన్నెలు తోముకుంటున్న ఆమెకే ముందు వచ్చేసేది. పొద్దున అప్పజెప్పేటప్పుడు వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ తలుపు చాటు నుంచి అందించేది. ఒకసారి చెవిన పడిన మాటను ఆమె మర్చిపోయింది లేదు.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు మోటార్ల మెకానిక్. కాలిపోయిన నీళ్ళ మోటారును విప్పి, నల్లబడ్డ రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, బిగించి తిప్పి చూడటం అతని పని. ఏళ్ళ తరబడి ఆ హోరులో ఉండేసరికి చెవులు సగం పోయాయి. ఆమె చెప్పేది అతనికి వినపడదు, అతను చెప్పేది వీధి చివరికి వినపడుతుంది. ఆమె గుట్టుగా ఒక మాట చెవిన వేస్తే, సరిగ్గా విన్నాడో లేదోనని అతను పైకి అని చూసుకునేవాడు.

"ఏంటీ? పక్కింటావిడ మన గరిటె తీసుకెళ్ళి ఇవ్వలేదా?"

"మెల్లగా మాట్లాడండి, మహానుభావా!"

"మెల్లగానేగా అంటున్నా. పక్కింటావిడేనా, ఎదురింటావిడా?"

గోడ అవతలి నుంచి పక్కింటావిడ గొంతు వచ్చేది. "నేనేలే అన్నయ్యా, పంపిస్తున్నా!"

వీళ్ళిద్దరికీ పుట్టిన ఆడపిల్ల ఇద్దరి గొంతూ తెచ్చుకోలేదు. దానిది బొంగురు గొంతు. ఏడాది పొడుగునా జలుబు చేసినట్టే ఉండేది. ఫోనెత్తితే అవతలివాళ్ళు "ఏం బాబూ, నాన్న ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. పొట్టిగా, గుండ్రంగా ఉండేదని తండ్రి దాన్ని బుడంకాయ అనేవాడు. ఆ ఇంట్లో అతని చెవికి సాఫీగా వినపడే గొంతు అదొక్కటే. అందుకని తల్లి మాటలు తండ్రికి చేరవేసే ఉద్యోగం మాటలు వచ్చిన రోజు నుంచీ బుడంకాయదే.

"నాన్నా, అమ్మ స్నానం చేయమంటోంది. నాన్నా, అమ్మ నిన్ను మొద్దు అంటోంది."

"నేనెప్పుడన్నానే?"

"లోపల అనుకుంది నాన్నా. నాకు వినపడింది."

మూడో తరగతి నడుస్తుండగా, వానలు మొదలైన వారంలో దానికి జ్వరం తగిలింది. మామూలు జ్వరమేనన్నారు. తర్వాత మామూలుది కాదన్నారు. పెద్దాసుపత్రిలో గాజు తలుపు అవతల పడుకోబెట్టారు. గొంతులోకి గొట్టం వేసే ముందు తల్లిని పిలిచి, "అమ్మా, నాన్నకి చెప్పు" అంది. ఏం చెప్పాలో చెప్పేలోపే నర్సు ఆమెను బయటికి పంపేసింది. గొట్టం మళ్ళీ తీయలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆమె చెప్పింది అతనికి చేరేసే మనిషి లేదు. కొన్నాళ్ళు అతను "ఏంటీ?" అని అడిగేవాడు. ఆమె మళ్ళీ చెప్పేది. ఇంకా కొన్నాళ్ళకు అతను అడగడం మానేశాడు, ఆమె చెప్పడం మానేసింది. అన్నం వడ్డించానని కంచం చప్పుడు చేసి తెలిపేది.

ఫొటోలు ఉన్నాయి. గొంతు లేదు. అతని పాత ఫోన్, మోటారు దింపుతుంటే జేబులోంచి జారి నీళ్ళ సంపులో పడిపోయింది. అప్పటికే చుట్టాలకు పంపి ఉన్నాయి గనక ఫొటోలైతే తిరిగొచ్చాయి. వీడియోలు ఎవరికీ పంపలేదు. దొరికిన ఒకే ఒక్క వీడియోలో పిల్ల ఎవరిదో పెళ్ళిలో గంతులేస్తోంది. పాట హోరు తప్ప అందులో ఇంకేమీ వినపడదు. నోరు తెరిచి ఏదో అరుస్తోంది, అదేమిటో తెలియదు.

ఆమె భయమల్లా ఒక్కటే. పిల్ల అన్న మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి. ఏది ఎక్కడ నిలబడి అందో కూడా గుర్తుంది. కానీ ఈమధ్య ఆ మాటలు లోపల తిరుగుతున్నప్పుడు వాటిని పలుకుతున్న గొంతు పిల్లది కాదు, తనది. వంటింట్లో చెయ్యి ఆపి, కళ్ళు మూసుకుని, ఆ బొంగురుగొంతును పట్టి తెచ్చుకోవాలని చూసేది. "నాన్నా" అన్న ఒక్క మాట దగ్గర అంచు తగిలినట్టే ఉండి జారిపోయేది.

ఒక్క ఆశ మిగిలింది. మరిది తీసిన షార్ట్ ఫిల్మ్.

మరిది పెళ్ళి వీడియోలు తీసి బతుకుతాడు. ముహూర్తాలు లేని నెలల్లో, తనలాంటి స్నేహితులను నలుగురిని పోగేసుకుని చిన్న చిన్న సినిమాలు తీస్తాడు. వాటిలో పాటలుండవు, ఫైట్లుండవు. ఒక ఇల్లు, ఇద్దరు ముగ్గురు మనుషులు, పోయినవాళ్ళ కోసం ఏడవలేక కూర్చునేవాళ్ళు. ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పుకోలేని మొగుడు, తల్లితో మాటలు లేని కొడుకు. అన్నగారు వాటిని తన గొంతుతో వీధంతా వినపడేలా వెక్కిరించేవాడు.

"నీ సినిమాల్లో ఒక్కడైనా అన్నం తిని చెయ్యి కడుక్కుంటాడేమోనని చూస్తానురా. ముద్ద నోటి దాకా పోతుంది, ఈలోపు ఫోన్ మోగుతుంది. ఎవడో ఒకడు పోయుంటాడు!"

"బతుకంటే అంతేగా అన్నయ్యా."

"నీకేం తెలుసురా బతుకు? నీకింకా పెళ్ళే కాలేదు!"

జ్వరం రాకముందు, ఎండాకాలం సెలవుల్లో, మరిది ఆ ఇంట్లోనే ఒక సినిమా తీశాడు. తన తల్లి, అంటే ఆమె అత్తగారు, పోయినప్పటి సంగతులు కొన్ని అందులో పెట్టుకున్నాడు. ఒక నానమ్మ చనిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరి పనుల్లో వాళ్ళుంటారు. మనవరాలు ఒక్కతే నానమ్మ వస్తువులు ఎక్కడికి పోతున్నాయో వెతుక్కుంటూ తిరుగుతుంది. మనవరాలు బుడంకాయ. తండ్రి వేషం మరిది స్నేహితుడిది.

పిల్లకు చెప్పాల్సిన మాటలు కాసినే. అవీ దానికి నిలవలేదు. "నాన్నా, నానమ్మ చెప్పులు ఎందుకు తీసేశారు? వచ్చాక ఏం వేసుకుంటుంది?" అని చెప్పమంటే, "నాన్నా, నానమ్మ చెప్పులు ఎవరు కొట్టేశారు?" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వారు కదాని మళ్ళీ అదే అనేది. మరిది తల పట్టుకున్నాడు.

"వదినా, నీ కూతురు నన్ను ముంచేసేలా ఉందే!"

"నేను అందిస్తాలే" అంది ఆమె. తమ్ముళ్ళ పాఠాలప్పుడు చేసిన పనేగా.

ముందు గదికీ వంటింటికీ మధ్య కర్టెన్ ఉంది. దాని వెనక నిలబడింది. కెమెరా తిరుగుతుంటే ఆమె గుసగుసగా ఒక్కో ముక్క అందించేది, పిల్ల ఆ ముక్క అందుకుని చెప్పేది. పిల్లకు గోరుముద్ద పెడుతున్నప్పుడు తల్లి నోరు తనంతట తానే తెరుచుకున్నట్టు, పిల్ల చెప్తున్నంతసేపూ ఆమె పెదవులు కూడా ఆ మాటే అనేవి. పిల్ల ఒక్కమాట తప్పలేదు. మరిది ఎగిరి గంతేశాడు.

సౌండ్ పట్టడానికి వచ్చినాయన ఒక్కడే సంతోషించలేదు. పొడుగాటి కర్రకు మైకు కట్టి పట్టుకుని, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుని, పొద్దుటి నుంచీ ఫ్యాన్ ఆపమనీ ఫ్రిజ్ ఆపమనీ సతాయిస్తున్నాడు. "పాలు విరిగిపోతాయి బాబూ" అంటే కూడా వినలేదు. ఇప్పుడు మరిదిని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. మరిది చెయ్యి విసిరి, "పర్లేదన్నా, డబ్బింగ్‌లో చూసుకుందాం" అన్నాడు.

ఆ మాట వాళ్ళకు ఊతపదం. కుక్క మొరిగినా, ప్రెషర్ కుక్కర్ కూత పెట్టినా, ఎదురింటి వాళ్ళు పోట్లాడుకున్నా అదే మాట. ముందు బొమ్మ తీసేసుకుంటారు. తర్వాత తీరిగ్గా ఒక గదిలో కూర్చుని, ఆ బొమ్మ చూస్తూ పెదవులకు సరిపోయేలా మాటలన్నీ మళ్ళీ చెప్పి రికార్డు చేసుకుంటారు. వాళ్ళ పని తీరే అంత. ఆమెకు అవేమీ తెలియవు. పిల్ల బాగా చెప్పింది, అంతవరకే తెలుసు.

అంతా అయిపోయాక సౌండాయన, "ఎవరూ కదలకండి, ఎక్కడివాళ్ళక్కడే ఉండండి. ఈ గది ఖాళీ తీసుకోవాలి" అన్నాడు.

"ఖాళీని ఎలా తీస్తారంకుల్? అందులో ఏమీ ఉండదుగా?" అంది బుడంకాయ.

"మీరంతా నోళ్ళు మూసుకుంటే అదే వస్తుందమ్మా. ఒక్కో గది చప్పుడు ఒక్కోలా ఉంటుంది, మాటల కింద అది పరవాలి."

అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు. స్టూలు మీద నిలబడ్డ బుడంకాయ బుగ్గలు పూరించి, ఊపిరి బిగబట్టి, కళ్ళు మాత్రం ఇటూ అటూ తిప్పుతోంది. కర్టెన్ సందులోంచి తల్లికి నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది. సౌండాయన చెయ్యి ఎత్తగానే పిల్ల ఒక్కసారిగా పకపకా నవ్వేసి, "ఇంకాసేపైతే పేలిపోయేదాన్ని!" అని అరిచింది.

ఆ సినిమానే ఇప్పుడు వేస్తున్నారు. షార్ట్ ఫిల్ములు తీసేవాళ్ళంతా ఆదివారాలు ఒక ఫొటో స్టూడియో పైఅంతస్తులో కలుస్తారు. అక్కడ ఒకరివి ఒకరు చూసుకుని మాట్లాడుకుంటారు. ఈ ఆదివారం మరిదిది ఉందని ఫోన్‌లో వేరే ఎవరో అన్నగారికి చెప్పారు. మరిది తనంతట తాను చెప్పలేదు.

"నువ్వెందుకులే వదినా, అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి" అన్నాడు అడిగితే.

"మెట్లెక్కలేనంత ముసలిదాన్నయ్యానా?"

"అదికాదు. చూస్తే నీకు..."

"చూడ్డానికి కాదు, వినడానికి వస్తున్నా" అంది.

మరిది మొహం పక్కకు తిప్పుకున్నాడు. తన బాధ చూడలేక అనుకుందామె.

ఆ ఆదివారం ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. మొగుడు కూడా గడ్డం గీసుకుని తయారయ్యాడు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి, గోడకు తెల్లటి గుడ్డ కట్టారు. అందరూ గుడ్డకు ఎదురుగా మధ్య కుర్చీలు చూసుకుంటుంటే, ఆమె ఒక మూల స్పీకరు డబ్బా పక్కన ఉన్న కుర్చీ వెతుక్కుంది. అక్కడి నుంచి బొమ్మ వంకరగా కనపడుతుందని ఎవరో చెప్పినా లేవలేదు. మొగుణ్ణి డబ్బాకు ఇంకా దగ్గరగా కూర్చోబెట్టింది.

లైట్లు ఆర్పారు. ఆమె ఇల్లు గోడ మీదికి వచ్చింది. ఆమె తుడిచిన గచ్చు, ఆమె ఉతికిన కర్టెన్. పిల్ల వచ్చింది. తల్లి దువ్వి వేసిన రెండు జడలతో, గడపలో నిలబడి చెప్పుల స్టాండు వైపు చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకుంది. బొమ్మ అడ్డం రాకూడదని.

"నాన్నా, నానమ్మ చెప్పులు ఎందుకు తీసేశారు?"

సన్నటి గొంతు. తేనెలో ముంచి తీసినట్టు, సబ్బు ప్రకటనలో పిల్లలు మాట్లాడినట్టు. ఆమె కళ్ళు తెరిచి, ఇంకో పిల్ల ఎవరైనా వచ్చిందేమోనని గుడ్డ మీద వెతికింది. లేదు. పెదవులు బుడంకాయవే.

"వచ్చాక ఏం వేసుకుంటుంది?"

"ఎవరిదే ఆ గొంతు?" అన్నాడు మొగుడు. తనవరకు తను మెల్లగానే అడిగాడు. హాలంతా వినపడింది.

ముందు వరుసలోంచి ఎవరో "ష్" అన్నారు.

"కాదు, ఎవరిదని? అది బుడంకాయది కాదే!"

వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మరిది తల ఎత్తలేదు. ఆమె మొగుడి మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. సినిమా అయ్యేవరకూ ఆ చెయ్యి తీయలేదు.

లైట్లు వేశాక చప్పట్లు కొట్టారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ కుర్చీల మధ్య నుంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "పాప మీ అమ్మాయేనటగా? ఎంత ముద్దుగా మాట్లాడిందండీ, ముత్యాల్లాంటి గొంతు! పాప రాలేదా?"

"రాలేదండి" అంది ఆమె. ఆవిడకు వినపడలేదు. ఇంకోసారి అడుగుతుందేమోనని ఆగింది. ఆవిడ నవ్వి, భుజం తట్టి వెళ్ళిపోయింది.

మెట్ల మలుపులో మరిదిని పట్టుకున్నారిద్దరూ. అతను గోడ వైపు చూస్తూ చెప్పాడు. పిల్ల చేతే మళ్ళీ చెప్పిద్దామనుకున్నాడట. ఈలోపు ఆస్పత్రిలో చేర్చారు. సినిమా పోటీకి పంపాల్సిన గడువు వచ్చేసింది. చిన్నపిల్లల గొంతులు చెప్పే ఆవిడ ఒకరున్నారు, ఆవిడకు యాభై దాటాయి, ఆవిడ చేత చెప్పించాడు.

"బుడంకాయ తగ్గి ఇంటికొచ్చాక దాని చేత చెప్పించి మార్చేద్దామనుకున్నా వదినా. ఒట్టు."

"పాతదుంటుందిగా. అది చాలు నాకు. సినిమా అక్కర్లేదు."

అతను గోడ మీది సున్నం గోటితో గీకుతున్నాడు.

"ఏంట్రా?" అన్నాడు అన్నగారు. "అడుగుతోందిగా!"

"నాకున్నది ఒక్కటే డిస్క్ అన్నయ్యా. సినిమా పూర్తయింది కదాని... పెళ్ళి షూటింగ్ తగిలితే తుడిచేశా. అప్పటికి బుడంకాయ ఆస్పత్రిలోనేగా ఉంది. వచ్చేస్తుందనేగా అందరం..."

అన్నగారు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఏం చేయాలో తెలియక మెట్ల రెయిలింగు పట్టుకున్నాడు.

"అసలు మళ్ళీ చెప్పించడం ఎందుకు?" అని అడిగింది ఆమె. "బాగానే చెప్పిందిగా. ఫ్యాన్ ఆపాం, ఫ్రిజ్ ఆపాం."

మరిది అన్న వైపు చూశాడు. "బయట బండ్ల చప్పుడు వదినా" అన్నాడు.

ఆ వీధిలో బండి వెళ్ళేది ఎప్పుడో ఒకటి. ఆమెకు తెలుసు. కానీ అప్పుడు పట్టించుకోలేదు. ఆమె బుర్రలో ఇంకో దారి మెదులుతోంది. మైకు పట్టుకుంది మరిది కాదు, సౌండాయన.

మర్నాడు మొగుడు పనికి వెళ్ళాక ఒక్కతే బయలుదేరింది. సౌండాయన గది ఒక సైకిల్ షాపు వెనక ఉంది. గోడల నిండా నల్లటి స్పాంజి ముక్కలు అతికించాడు. లోపలికి అడుగు పెట్టగానే చెవులు మూసుకుపోయినట్టయింది. అతను ఆమెను గుర్తుపట్టి కుర్చీ మీది వైర్లు తీసి కూర్చోబెట్టాడు. పాప సంగతి తెలిసిందనీ, రాలేకపోయాననీ అన్నాడు.

ఆమె వచ్చిన పని చెప్పింది. స్పాంజి గదిలో ఆమె గుసగుస కూడా స్పష్టంగా వినపడింది.

"లేదక్కా. కార్డులోది డైరెక్టరుకిచ్చేసి తుడిచేస్తాం, మళ్ళీ పక్క పనికి కావాలిగా." ఆమె మొహం చూసి, ఓదార్చాలని గబగబా అన్నాడు. "అయినా అది ఉన్నా లాభం లేదక్కా. పాప గొంతు విడిగా ఒక్క ముక్క దొరకదు. మొత్తం దాని మీద కర్టెన్ వెనకాల మాటలందించే ప్రాంప్టింగ్ పడిపోయింది. నేను ఆరోజే చెప్పా, గుసగుసకి మైకు ఇంకా బాగా పడుతుంది, ఎవరో పాపతో పాటే..."

అక్కడ ఆగిపోయాడు. వింటున్న గుసగుస ఎవరిదో అప్పుడు తట్టింది.

"చెప్పండి" అంది ఆమె.

"ఏం లేదక్కా."

"పాపతో పాటే నేనూ అన్నాను. అందుకేనా మళ్ళీ చెప్పించింది?"

అతను వైరు ఒకటి చేతిలోకి తీసుకుని చుట్టచుట్టాడు. చుట్టింది మళ్ళీ విప్పాడు.

"ఎవరైనా నన్ను ఒక్క మాట అనుంటే నోరు మూసుకునేదాన్నిగా, బాబూ."

"మీరు చెప్పకపోతే పాప చెప్పేది కాదని... డబ్బింగ్‌లో చూసుకుందామన్నారక్కా."

ఆమె లేచింది. గుమ్మం దాటబోతుంటే అతనే పిలిచాడు. ఒకటి ఉందన్నాడు, మాటలు కావు. ఆరోజు తీసిన ఆ గది ఖాళీ. అలాంటివి మాత్రం తుడవడట, ఇంకో సినిమాలో పనికొస్తాయని దాచుకుంటాడట. వాళ్ళ ముందు గది ఖాళీని అప్పటికే వేరేవాళ్ళ సినిమాల్లో కూడా వాడాడట, చాలా మంచి ఖాళీ అట.

ఆమెకు స్టూలు గుర్తొచ్చింది. పూరించిన బుగ్గలు గుర్తొచ్చాయి.

"చివర్న నవ్వింది" అంది. "మీరు చెయ్యెత్తగానే నవ్వింది. ఏదో అంది కూడా. అది ఉంటుందిగా?"

అతను తెర మీద ఆ ముక్క తెరిచి చూపించాడు. ఎత్తూ పల్లం లేని సన్నటి గీత. "ముందూ వెనకా చప్పుళ్ళు కోసేస్తేనే దాస్తామక్కా" అన్నాడు.

అయినా దాన్ని ఆమె ఫోన్‌లో వేసి, ఇయర్‌ఫోన్ కూడా ఇచ్చి పంపాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. ఆమె ఫ్యాన్ ఆపింది, ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. ఆరోజు ఎలా ఉందో అలా ఉండాలని. స్టూలు తెచ్చి పిల్ల నిలబడ్డ చోటే వేసింది. కర్టెన్ వెనక, తను నిలబడ్డ చోటే నేల మీద కూర్చుని, ఇయర్‌ఫోన్ రెండు చెవుల్లోనూ పెట్టుకుని ఫోన్ నొక్కింది.

ఏమీ లేదు. అవతలెక్కడో గాలి కదిలినట్టు ఒక సన్నని చప్పుడు. గోడలు, గచ్చు. ఆమె అందులోకి వంగి విన్నది. ఒక ముక్కు ఎగబీల్పు, ఒక గాజు కదలిక, స్టూలు కాలు కిర్రుమనడం, ఏదైనా. పిల్ల ఆ గదిలో ఉంది, ఆమెకు అడుగుల దూరంలో ఉంది, బతికి ఉంది. చప్పుడు చేయొద్దన్నారు గనక చేయట్లేదు. చెప్పిన మాట అంత బుద్ధిగా ఎప్పుడూ వినలేదది.

అయిపోతే మళ్ళీ పెట్టింది. మళ్ళీ అయిపోయింది. ఎన్నోసారో, అయిపోయిందో ఇంకా నడుస్తోందో తెలియక, ఇయర్‌ఫోన్ చెవుల్లోంచి లాగేసింది. ఏమీ మారలేదు. ఫోన్‌లో ఉన్నదీ ఇంట్లో ఉన్నదీ ఒకటే చప్పుడు. ఏది అప్పటిదో ఏది ఇప్పటిదో, ఒకసారి వింటే మర్చిపోని ఆ చెవికి కూడా తేడా తెలియలేదు.

మొగుడు వచ్చేసరికి ఆమె అలాగే కూర్చుని ఉంది. అతని చేతులకు ఇంకా మోటారు తీగలకు పూసే వార్నిష్ వాసన. కర్టెన్ పక్కకు జరిపి ఆమెనూ, స్టూలునూ, ఊడి వేలాడుతున్న ప్లగ్గునూ చూశాడు. వచ్చి పక్కన కూలబడ్డాడు.

ఆమె అతని చెవి దగ్గరికి వంగి చెప్పింది. "అడ్డం వచ్చిన గొంతు నాదేనట."

అతను "ఏంటీ" అనలేదు. పైకి అని చూసుకోనూ లేదు. "తెలుసే" అన్నాడు. "వాడు నాకు షూటింగప్పుడే చెప్పాడు. గొంతు మార్చాడని మాత్రం చెప్పలేదు."

అంత మెల్లగా అతను మాట్లాడగలడని ఆమెకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో తెలియదు.

ఆమె ఒక ఇయర్‌ఫోన్ తీసి అతనికి కాస్త వినపడే చెవిలో పెట్టింది, రెండోది తను పెట్టుకుంది. ఫోన్ నొక్కింది. అతను మోటారులో చెడ్డ చప్పుడు వెతికేటప్పుడు కూర్చున్నట్టు, తల వంచి, కళ్ళు చిట్లించి కూర్చున్నాడు.

"బుడంకాయా?"

ఆమె తల ఊపింది.

"నా చెవికి అందట్లేదే. ఏమంటోంది?"

ఆమె నోరు తెరిచింది. ఏ మాటైనా అందించవచ్చు. పిల్ల మాటలన్నీ ఆమెకు వచ్చు. నాన్నకి చెప్పు అన్న మాట కూడా అక్కడే, నాలుక చివరే ఉంది.

"ఏమీ అనట్లేదు" అంది. "ఊపిరి బిగబట్టుకుని ఉంది."

అతను ఇంకా వంగాడు. తనూ ఊపిరి బిగబట్టాడు. అలాగే ఉన్నారిద్దరూ, గీత చివరికి వచ్చి ఆగేదాకా, ఆగాక కూడా.

తర్వాత ఆమె లేచి స్టూలును వంటింట్లో దాని చోట పెట్టింది. పాల గిన్నె మూత తీసి వాసన చూసి, సింకులో పారబోసింది. ప్లగ్గు పెట్టింది. ఫ్రిజ్ ఒకసారి వణికి, మూలిగి, మొదలైంది.